మావయ్య చేసే ‘ఏటి తిన్నావు’ టెస్టు

మావయ్య పోయాడన్న కబురు మూడో లైన్లో వచ్చింది.

పొద్దున్నే టెస్టుల వేళ. అరకులో మా సహాయకేంద్రంలో కంప్యూటర్ ఆన్ చేసి, ఒక్కో లైనూ సరిగ్గా పలుకుతోందో లేదో చూసుకుంటున్నాను. శృంగవరపుకోట నుంచి అమ్మ ఫోన్ చేసింది. నా సెల్లు సంచిలో ఉండిపోయి నేను ఎత్తకపోయేసరికి ఆఫీసు నంబరుకే చేసిందట. "గుంటా, మావయ్య లేడమ్మా" అంది. ఏడుపు రాకముందే నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "ఏటి తిన్నాడమ్మా?"

బయటివాళ్ళెవరైనా వింటే దీనికి మతిపోయిందనుకుంటారు. అమ్మ అనుకోలేదు. తన అన్న ఎలాంటివాడో తనకి తెలుసు. "ఉప్మా తిన్నాడే. జీడిపప్పు తక్కువైందని సణిగి, మళ్ళీ ఇంకో గరిటె వేయించుకున్నాడు. కుర్చీలో జారబడి, అలాగే..." అని ఆగిపోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ లైన్లో గరగర లేదు, మన మాట మనకే తిరిగి వినబడడం లేదు. అమ్మ ముక్కు చీదుకోవడం కూడా పక్కనే ఉన్నట్టు వినిపించింది. ఆ లైను బాగుచేసింది ఆయనే మరి.

ఈ ఉప్మా గొడవేమిటో మీకు తెలియాలంటే ముందు మా కేంద్రం సంగతి చెప్పాలి. కాఫీ గోదాము పక్కన రెండు గదులు. కొండల మీది ఊళ్ళలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, బాలింతలు మాకు ఫోన్ చేస్తారు. వాళ్ళ మాట విని నర్సుకి చెప్పడం, బండి పంపడం మా పని. ఫోన్లు ఎత్తేది ఇద్దరం. తెలుగులో మాట్లాడేవాళ్ళకి నేను, ఆదివాసీ ఒడియాలో మాట్లాడేవాళ్ళకి డుంబ్రిగుడ దగ్గరి లచ్చమ్మ. లైన్లు మాత్రం నాలుగు. మేమిద్దరం మాటల్లో ఉన్నప్పుడు వచ్చిన ఫోను కంప్యూటరే ఎత్తుతుంది. రికార్డు చేసిన మా గొంతుతో పలకరించి, అవతలివాళ్ళు చెప్పింది దాచిపెడుతుంది. తర్వాత మేం విని, తిరిగి ఫోన్ చేస్తాం.

కంప్యూటర్ చేత ఫోను ఎత్తించే కార్డు ఒకటి దాని పొట్టలో ఉంటుంది. ఆ కార్డు మీద లైనుకొకటి చొప్పున నాలుగు చిన్న ముక్కలు గుచ్చి ఉంటాయి. మాడ్యూళ్ళంటారు వాటిని. మావయ్య మాత్రం ‘బిళ్ళలు’ అనేవాడు. చూడ్డానికి బిస్కట్టంత ఉంటాయి గానీ మహా సుకుమారం. పిడుగు ఎక్కడో అనంతగిరి అవతల పడితే ఇక్కడ ఒక బిళ్ళ చచ్చేది. మంచు పట్టినా అలిగేది. అందుకే రోజూ పొద్దున్న వాటికి పరీక్షలు పెట్టాలి, ఆ పరీక్షలు పెట్టే మనిషి మా మావయ్య.

ఆయన కింద మైదానంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసినవాడు. ఏదో పని మీద ఒకసారి కొండెక్కి, ఇక్కడి చలికి ముచ్చటపడి, బదిలీ అడిగి మరీ వచ్చేశాడు. రిటైరయ్యాక కూడా దిగలేదు. మంకీ క్యాపు మాత్రం ఎండాకాలంలోనూ తీసేవాడు కాదు. చుట్టూ అన్నీ కాఫీ తోటలే అయినా కాఫీ వాసన పడేది కాదు, టీయే కావాలి. టీకొట్టువాడు "బాబూ, మీరు అరకు పరువు తీసేత్తన్నారు" అని వేళాకోళం చేస్తే, "మీ అరకు లైన్లు నిలబెడతన్నాను, పరువు నువ్వు సూసుకో" అనేవాడు. గొప్పలకేం తక్కువ లేదు. తన చెవి ముందు ఏ ప్రోగ్రామూ ఆగదని రోజుకోసారైనా చెప్పకపోతే ఆయనకి తోచేది కాదు.

పరీక్ష మొదలుపెట్టే ముందు కంప్యూటర్ ఇనుప పెట్టెని అరచేత్తో ముట్టుకునేవాడు. ఒంట్లో ఉండే కాస్త కరెంటు దానిలోకి దిగిపోవాలని, లేకపోతే మన వేలు తగిలే బిళ్ళ పోతుందని. ముట్టుకున్న చెయ్యి ఊరుకోక కళ్ళకద్దుకునేవాడు. లచ్చమ్మ అది దణ్ణమనుకుంది. తనూ రోజూ రాగానే పెట్టెని తాకి కళ్ళకద్దుకునేది. చాలాకాలానికి అసలు కారణం చెప్తే, "కరెంటు పోతే పోనీ, దండం మాత్రం ఉండనీ" అని అదే కొనసాగించింది. ఇప్పుడు నర్సమ్మ కూడా పెడుతోంది.

ఆ తర్వాత బయటి లైన్లు పీకి, ఒక బిళ్ళ నోటికి ఇంకో బిళ్ళ చెవి అంటుకునేలా తీగ కలిపేవాడు. ప్రోగ్రాం నడిపితే మొదటి బిళ్ళ రెండోదానికి ఫోన్ చేస్తుంది. అది మోగుతుంది, ఇది ఎత్తుతుంది. ఇది ఒక కూత కూస్తుంది, అది విని అదే కూత వెనక్కి పంపుతుంది. అన్నీ కుదిరితే తెర మీద పచ్చగా ‘పాస్’ అని పడుతుంది. కుదరకపోతే కార్డు బయటికి తీసి, దాని బంగారు పళ్ళని పెన్సిలు రబ్బరుతో తుడిచేవాడు. తుడుస్తూ బిళ్ళల్ని తిట్టేవాడు. మూడోది ఆయనకి మొదటినుంచీ పడేది కాదు. "ఇది నంగనాచి, పాసవుతాది గానీ దీని మీద నాకు నమ్మకం లేదు" అనేవాడు.

నాలుగూ పాసైనా ఆయన పరీక్ష అయిపోయేది కాదు. పక్కగదిలోకి వెళ్ళి అక్కడి ఫోన్లోంచి ఒక్కో లైనుకీ చేసేవాడు. ఇటు నేను ఎత్తాలి. "ఏటి తిన్నావే గుంటా?"

మొదట్లో నాకు చిరాకేసేది. అందరూ హలో హలో, వన్ టూ త్రీ అంటారు కదా, నీదేమిటి మావయ్యా అని అడిగాను. "హలో అంటే హలో అంటావు. లైనుకి అందులో ఏటి తెలుస్తాది? తిండి సంగతి అడిగితే మనిషి ఆగడు. పప్పంటాడు, పులుసంటాడు, ఉప్పెక్కువైనాదంటాడు. నవ్వుతాడు, కోప్పడతాడు. ఆ గొంతు ఎక్కడా విరక్కుండా వచ్చిందనుకో, అప్పుడది లైను" అన్నాడు.

ఇందులో ఒక చిక్కుంది. తినకుండా వచ్చిన రోజు "ఏమీ తిన్లేదు" అంటే ఆయన వెంటనే ఫోను పెట్టేసేవాడు. "టెస్టు ఫెయిలు!" అని అక్కడినుంచే అరుపు. ఇక నేనో లచ్చమ్మో బయటికెళ్ళి ఇడ్లీలు తిని రావాలి. వచ్చి, ఏ చట్నీతో తిన్నామో ఫోన్లో చెప్పాలి. అప్పుడే పాస్. మా కేంద్రాన్ని నడిపే సిటీ ఆఫీసుకి పొద్దుటి రిపోర్టు ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్ళేది. ఎందుకు ఆలస్యమని అడిగితే మావయ్య గంభీరంగా, "ఒక మాడ్యూల్‌కి పవర్ సరిపోలేదండి, ఇప్పుడు ఇచ్చినాం" అనేవాడు. ఆ మాడ్యూల్ని నేనే.

ఇలా సరదాగా సాగుతుండగా మా కేంద్రం మీదికే ముప్పు ముంచుకొచ్చింది. కంప్యూటర్ ఎత్తిన ఫోన్లు చాలావరకు మాట లేకుండానే తెగిపోతున్నాయి. మేం ఎత్తినవి ఒక్కటీ తెగడం లేదు. రికార్డులు వింటే గాలి, ఎక్కడో కోడి కూత, తర్వాత టప్పున కట్. సిటీ ఆఫీసు ఇంజనీరమ్మాయి మంచిదే. "మీ టెస్టులన్నీ పాసవుతున్నాయి మేడమ్, కానీ ఇన్ని కాల్స్ తెగుతుంటే నేను పైవాళ్ళకి ఏం చెప్పి నిలబెట్టను?" అంది. పైవాళ్ళ ఆలోచన ఏమిటంటే, ఇక్కడ మూసేసి లైన్లన్నీ సిటీకి తీసుకుపోవడం. అక్కడ పెద్ద హాలుంది, కొత్త యంత్రాలున్నాయి. ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

లచ్చమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. "మా గుంటలు నొప్పులొచ్చి ఫోన్ సేత్తే, అక్కడ ఎవులికి సెప్పుకుంటారు?" అంది. నాకూ భయమేసింది. ఉద్యోగం ఒకటే కాదు. మాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది ముఖాలు నాకు తెలియవు గానీ దగ్గు వింటే ఎవరో చెప్పగలను. వాళ్ళని ఎవరికో ఒప్పజెప్పి ఎలా వెళ్ళిపోను?

మావయ్యకి మాత్రం సందేహమే లేదు. మూడో బిళ్ళే దొంగ. దాన్ని ఒకటో చోట గుచ్చాడు, నాలుగో చోట గుచ్చాడు. రబ్బరు అరిగిపోయేదాకా తోమాడు. పరీక్ష మీద పరీక్ష నడిపాడు. తెర మీద పాస్, పాస్, పాస్. "సూడు, ఎంత అమాయకంగా మొకం పెట్టిందో" అని పళ్ళు నూరాడు. చివరికి, ఫోను చేసేచోటుకే వెళ్ళి చూస్తేగాని లాభం లేదన్నాడు. ఎక్స్ఛేంజీ రోజుల్నాటి టెస్టు ఫోను ఒకటి నడుముకి వేలాడేసుకున్నాడు. సెల్‌ఫోన్ల కాలంలో దాన్ని ఏ స్తంభానికి తగిలిస్తావు మావయ్యా అంటే, ఆయుధం లేకుండా యుద్ధానికి పోతారా అన్నాడు.

తెగిపోయిన ఫోన్లు ఎక్కువగా వచ్చిన ఊరు అనంతగిరి దాటి లోపలికి ఉంది, జీపులో ఆయనా నేనూ అక్కడికి వెళ్ళాం. ఊళ్ళో సిగ్నల్ అందదు. పైన ఒక పెద్ద బండ ఉంది. అందరూ దాన్ని సిగ్నల్ బండ అంటారు, ఫోన్ చేయాలంటే దాని మీదికి ఎక్కాల్సిందే. మావయ్య రొప్పుకుంటూ, నడుమున ఆ టెస్టు ఫోను టకటకలాడుతూ ఎక్కాడు. మాకు ఫోన్ చేసేవాళ్ళలో ఒకమ్మాయి, కడుపుతో ఉండి కూడా మాకంటే ముందే ఎక్కి నిలబడి మమ్మల్ని చూసి నవ్వింది. తెలుగు బాగానే వచ్చు తనకి. మామూలుగా ఎలా చేస్తావో అలాగే చెయ్యమ్మా అన్నాం. అక్కడ కేంద్రంలో ఫోను ఎత్తొద్దని లచ్చమ్మకి ముందే చెప్పి వచ్చాం.

ఆ అమ్మాయి నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. కంప్యూటర్ ఎత్తింది. సిటీవాళ్ళు రాసి పంపగా నేను చదివిన మాటలే వినబడ్డాయి. "నమస్కారం. ఇది సహాయకేంద్రం. శబ్దం వినిపించిన తర్వాత మీ వివరాలు తెలియజేయండి." కుయ్ మంది. ఆ అమ్మాయి నవ్వు ముఖంతో అలాగే నిలబడింది. మావయ్య "మాట్లాడమ్మా, బేగి మాట్లాడు" అని తొందరపెట్టాడు. ఆమె ఊరుకోమన్నట్టు చెయ్యి చూపించింది. అంతలోనే ఫోను తెగిపోయింది.

"కోసీసింది. ఎప్పుడూ ఇంతే" అంది ఆ అమ్మాయి.

"నువ్వేటీ సెప్పలేదు కదమ్మా!"

"ఆవిడ ఏటీ అడగలేదు కదా?"

"వివరాలు సెప్పమంది కదా తల్లీ?"

"అది పని. వచ్చిన మనిషిని ముందే పని అడుగుతారా?" అని ఆ అమ్మాయి మమ్మల్ని జాలిగా చూసింది. "మా ఊళ్ళో వాకిట్లోకి మనిషొస్తే కూకోబెట్టి నీళ్ళిస్తాం. ఏటి తిన్నావని అడుగుతాం. అప్పుడే కదా వచ్చినోళ్ళు పని సెప్తారు. అడక్కముందే సెప్తే మరియాద కాదు. అందులో కడుపు సంగతి, అడగనోళ్ళకి ఎలగ సెప్పీడం? ఆవిడ అడుగుతాదని సూత్తాను. అడగదు. కోసీస్తాది. లచ్చమ్మప్ప ఎత్తితే మంచిగా అడుగుతాది."

మావయ్య బండ మీద చతికిలబడ్డాడు. ఆయాసమేమో అని కంగారుపడ్డాను. కాదు, నవ్వు. మంకీ క్యాపు జారి పడిపోయేదాకా, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఓలమ్మో! ఇన్నాళ్ళూ బిళ్ళల్ని తోమి సంపీసినాను. అవి వినడానికే కూకున్నాయి, పలకరించడం మనకే రాలేదు" అన్నాడు. మరుక్షణంలోనే గొప్పలకి దిగాడు. "సూసినావా గుంటా, ఏటి తిన్నావని అడగడమే కరక్టు టెస్టని నానెప్పుడో సెప్పలేదూ?" దారి పొడుగునా అదే మాట. జీపు డ్రైవరుకీ చెప్పాడు, టీకొట్టులోనూ చెప్పాడు. ఆ అమ్మాయిని మాత్రం దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా బండ దింపి, "ఇంతకీ ఏటి తిన్నావమ్మా?" అని అడిగాడు. ఆమె చోడి అంబలి దగ్గర మొదలుపెట్టి, తనకి ఎన్నో నెలో, కాళ్ళు ఎలా వాస్తున్నాయో అన్నీ చెప్పేసింది. సాయంత్రానికల్లా నర్సమ్మ ఆ ఊరు వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న మావయ్య కార్డు ముందు నిలబడి మూడో బిళ్ళకి క్షమాపణ చెప్పుకున్నాడు. నేను విన్నానని తెలిసి, దుమ్ము ఊదుతున్నానన్నాడు.

సిటీ ఇంజనీరమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్తే ఆమె కూడా పడీపడీ నవ్వింది. అవతల మాట వినబడకపోతే ఫోను కోసేసే గడువు ఒకటి ఆ కార్డులో ఉంటుందట. దాన్ని పెంచుతాను, ఎంత పెట్టమంటారని అడిగింది. మావయ్య ఆలోచించాడు. "మనిషి కొండెక్కి, ఆయాసం తీర్చుకుని, ఆ తర్వాత సిగ్గు కూడా తీర్చుకోవాలి కదమ్మా. దానికి ఎంతవుతాదో అంత పెట్టు" అన్నాడు. ఇంజనీరమ్మాయి దానికి లెక్క ఎలా కట్టిందో నాకు తెలియదు, ఉదారంగానే కట్టింది.

పలకరింపు కూడా మార్చాం. "రండమ్మా. బాగున్నారా? ఏం తిన్నారు?" నా గొంతులో తెలుగులో, లచ్చమ్మ గొంతులో ఒడియాలో. మావయ్య తన గొంతు పెట్టాలని పట్టుబట్టి ఒకసారి రికార్డు కూడా చేశాడు. విన్నాక లచ్చమ్మ, "ఇది వింటే కడుపులో పిల్లలు బెదిరిపోతారు బాబూ" అంది. ఒక పూటంతా అలిగాడు. టీ ఇప్పిస్తే కానీ మాట్లాడలేదు.

ఇక చూడండి, రికార్డుల నిండా వంటలే. సామ అన్నం, వెదురు కొమ్ముల కూర, సంతలో కొన్న ఎండుచేప. తిన్నదాని వెనకే నొప్పి సంగతో, పిల్లాడు పాలు తాగని సంగతో వచ్చేది. "నీళ్ళంబలి ఒక్కటే తాగాను" అని ఎవరైనా అన్నారంటే వాళ్ళింటికి నర్సమ్మ ముందు వెళ్ళాలని మావయ్యే రూలు పెట్టాడు. ఫోన్లు తెగడం ఆగిపోయింది. కేంద్రం తరలించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన వల్లే మేం ఇంకా ఇక్కడున్నాం. బతికుండగా ఈ మాట ఆయనతో అంటే మళ్ళీ డబ్బా మొదలుపెడతాడని అనలేదు గానీ, నాకూ లచ్చమ్మకీ ఆ సంగతి తెలుసు.

మొన్నటి చలికి ఛాతీ పట్టేస్తోందంటే అమ్మ పోరు పెట్టి శృంగవరపుకోట తీసుకుపోయింది. అక్కడినుంచీ రోజూ టెస్టు వేళకి ఫోన్ చేసేవాడు. ఒకటో లైను, రెండో లైను, వరసగా నాలుగూ. ప్రతి లైనులోనూ అదే ప్రశ్న. నాలుగుసార్లూ నేను వేరువేరుగా జవాబివ్వాలి, లేకపోతే ఒప్పుకోడు. చివరి రోజుల్లో దగ్గు ఎక్కువై తన గొంతే విరిగేది. "ఇది లైను తప్పు కాదులే, బిళ్ళ నాలోనే పోయింది" అని నవ్వేవాడు.

కోటలో కార్యక్రమాలన్నీ అయ్యాక తిరిగొచ్చాను. ఆ పొద్దున లచ్చమ్మ నాకంటే ముందే వచ్చి ఉంది. పెట్టెని తాకి కళ్ళకద్దుకున్నాం. తీగ కలిపి ప్రోగ్రాం నడిపాను. ఒకటి పాస్. రెండు పాస్. నంగనాచి మూడోది పాస్. నాలుగు పాస్. బయటి లైన్లు తిరిగి గుచ్చాను. అక్కడితో చేతులు ఆగిపోయాయి. పక్కగది తలుపు తెరిచే ఉంది, అక్కడి ఫోను దగ్గర కుర్చీ ఉంది, కోట నుంచీ ఇక ఫోను రాదు. ఆయన లేడన్నది నాకు చితి దగ్గర కాదు, అక్కడ తెలిసింది. బాగా ఏడుపొచ్చింది. లచ్చమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

మూడో లైను మోగింది. మేం ఎత్తలేకపోయాం, కంప్యూటరే ఎత్తింది. "రండమ్మా. బాగున్నారా? ఏం తిన్నారు?" అని నా గొంతే హాయిగా అడిగింది. స్పీకర్లోంచి గాలి వినబడింది. ఆ గాలి నాకు తెలుసు, అది సిగ్నల్ బండ మీది గాలి. చంటిపిల్ల ఊఁ ఊఁ అంటోంది. తర్వాత ఆ అమ్మాయి గొంతు.

"మేం తిన్నాం. మీ పెద్దాయన పోయాడంట, సంతలో సెప్పారు. చావైన ఇంట్లో పొయ్యి ఎలగదు కదా." పిల్లని జోకొట్టిన చప్పుడు. "మీరేటి తిన్నారు?"

అంతే. ఆపైన మాట లేదు. అడిగింది కదా, జవాబు కోసం చూస్తోంది. అడిగాక ఇంకేమీ మాట్లాడకుండా ఎదురుచూడడం వాళ్ళ మర్యాద. గాలి వీస్తూనే ఉంది. మూడో లైను దీపం వెలుగుతూనే ఉంది. ఇదివరకైతే ఈపాటికి తెగిపోయేది.

నేను హెడ్‌ఫోన్ అందుకోబోయాను. లచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏటి సెప్తావు? పొద్దున్నించి ఏటీ తిన్లేదు కదా నువ్వు. ఫెయిలైపోతావు" అని తన క్యారేజీ మూత తీసింది. ఉప్మా చేసి తెచ్చింది. జీడిపప్పు ఎక్కువే వేసింది.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మెల్లగా నమిలి మింగాను. మూడో లైను దీపం ఆరలేదు. కొండ మీద ఆ అమ్మాయి పిల్లని భుజం మార్చుకుంటూ, నేను తినేదాకా నిలబడే ఉంది.